లాగగలదా అని కాదు, ఆపగలదా అని అడగండి

ఆ రోజు నేను కారు వెనక సీట్లో కూర్చుని, వెనక్కి తిరిగి, కారుకు తగిలించిన మా క్యారవాన్‌నే చూస్తున్నాను. కొత్త మురిపెం. అక్క కుట్టిన పసుపు తెర దాని ముందు కిటికీలో కనిపిస్తోంది. గుంటూరు నుంచి కోటప్పకొండకు బయలుదేరాం. యడ్లపాడు దగ్గర, గంటకు 80 కిలోమీటర్ల వేగంలో వెళ్తుండగా ఒక ప్రైవేటు బస్సు మమ్మల్ని దాటడం మొదలుపెట్టింది. బస్సు ముఖం పక్కకు రాగానే క్యారవాన్ ఎడమకు ఒక జానెడు జరిగింది. బస్సు తోక దాటిపోగానే కుడికి రెండు జానెలు వచ్చింది. మళ్లీ ఎడమకు మూడు. పసుపు తెర ఒకసారి ఈ కిటికీ అంచుకు, ఒకసారి ఆ అంచుకు కొట్టుకుంటోంది. బావ భయపడి బ్రేకు తొక్కారు. ఊపు ఇంకా పెరిగింది. అప్పుడు అర్థమైంది, స్టీరింగు బావ చేతిలోనే ఉన్నా కారు మాత్రం ఆయన చేతిలో లేదు.

బావ బ్రేకు మీద నుంచి కాలు తీసేసి, స్టీరింగును గట్టిగా, తిన్నగా పట్టుకుని, ఇంకేమీ చేయకుండా ఉండిపోయారు. ఆయనకు తెలిసి చేసిన పని కాదు అది, చేతులు బిగుసుకుపోయాయి అంతే. కానీ చేయవలసింది సరిగ్గా అదే. వేగం తగ్గేకొద్దీ ఊపు తగ్గింది. రోడ్డు పక్కన ఆగాం. అక్క తలుపు పైన ఉన్న పిడిని వదలలేదు. చాలాసేపటి వరకు ఎవరమూ మాట్లాడలేదు.

క్యారవాన్ అనగానే మన దగ్గర చాలామందికి షూటింగు దగ్గర సినిమా తారలు కూర్చునే ఏసీ బస్సు గుర్తొస్తుంది. నేను చెబుతున్నది అది కాదు. తనకంటూ ఇంజిను లేని, కారు వెనక తగిలించి లాక్కెళ్లే చిన్న చక్రాల ఇల్లు. రెండు పడకలు, ఒక స్టవ్వు, ఒక మరుగుదొడ్డి. అక్కకు రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయ్యాక గొంతుక్కూర్చోవడం కుదరదు. దారిలో హోటళ్లు, సత్రాలు, పెట్రోలు బంకుల దగ్గర ఆమె పడే అవస్థ చూసి, పదవీ విరమణ సొమ్ములో కొంత తీసి బావ ఈ క్యారవాన్ కొన్నారు. శ్రీశైలం, అహోబిలం, అరకు, సూర్యలంక తీరం, ఆమె చూడాలనుకున్నవన్నీ తిప్పాలని. నేను విజయవాడలో పటమటలో ఉంటాను, ఆటోనగర్‌కు కూతవేటు దూరం. కాబట్టి బండ్ల సంగతి ఏది వచ్చినా బ్రాడీపేట నుంచి బావ నాకే ఫోను చేస్తారు. ఆ ప్రయాణానికి ముందు మాత్రం నేను ఆయనకు సరైన సలహా ఇవ్వలేకపోయాను, ఎందుకంటే నాకూ అప్పటికి తెలియదు. తెలుసుకున్నాక రాస్తున్నాను. ఈ మధ్య మన రెండు ఊళ్లలోనూ ఇలాంటి బండ్లు కొనాలని అడుగుతున్నవాళ్లు నాకే నలుగురైదుగురు తగిలారు.

వాళ్లందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "మన కారు లాగుతుందా?" కారు అమ్మినచోట బావ అడిగిందీ అదే. అక్కడి కుర్రవాడు "160 హార్స్ పవర్ సార్, ఏదైనా లాగేస్తుంది" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. కారు లాగింది, ఎక్కడా ఆయాసపడలేదు. యడ్లపాడు దగ్గర మమ్మల్ని చావు అంచు దాకా తీసుకెళ్లింది లాగలేకపోవడం కాదు. వెనక ఉన్నదాన్ని నిలబెట్టలేకపోవడం.

కొండకు వెంట్రుక కట్టి లాగమంటారు పెద్దలు, వస్తే కొండ వస్తుంది, పోతే వెంట్రుక పోతుందని. ధైర్యం చెప్పడానికి మంచి మాటే. కానీ కారుకు క్యారవాన్ తగిలించేవాళ్లు ఈ మాట మరిచిపోవాలి. ఇక్కడ వెంట్రుక తెగితే కొండ మన వెనకాలే వస్తుంది. దోర్నాల దాటి శ్రీశైలం ఘాటులోకి దిగాక, వెయ్యి కిలోలకు పైగా ఉన్న పెట్టె మన వీపు మీద ఒరిగి తోస్తూ ఉంటే, ఇంజిను శక్తి ఎంతో ఆ మలుపుకు అక్కర్లేదు.

కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభలు చూసినవాళ్లకు ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. అంత ఎత్తు ప్రభను ముందుకు లాగేది ఒక ట్రాక్టరు. కానీ దాని చుట్టూ మోకులు పట్టుకుని, ఇటు ఒరిగితే అటు, అటు ఒరిగితే ఇటు బిగించే మనుషులు ఎంతమంది! ఊరివాళ్ల ఆందోళనంతా ఆ మోకుల మీదే ఉంటుంది. క్యారవాన్‌కు మోకులు పట్టేవాళ్లు లేరు. ఆ పని మొత్తం ముందున్న కారు బరువే చేయాలి.

అందుకే మొదట చూడవలసింది కారు బరువు. ఇంజినూ కాదు, ధరా కాదు, మనుషులు ఎక్కకముందు, సామాను పెట్టకముందు ఆ కారు ఒంటిగా ఎంత తూగుతుంది అన్నది. క్యారవాన్లు బాగా మామూలైన బ్రిటన్‌లో కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఒక లెక్క చెబుతారు: సామానంతా నింపిన క్యారవాన్ బరువు, కారు ఒంటి బరువులో 85 శాతం దాటకూడదు. బాగా అనుభవం వచ్చాక కూడా నూటికి నూరు దాటవద్దంటారు. ఇది చట్టం కాదు, అక్కడివాళ్ల అనుభవం నుంచి పుట్టిన హితవు. వాళ్ల రోడ్ల మీద, వాళ్ల క్రమశిక్షణతో, క్యారవాన్ లాగే కారు మోటార్‌వేల మీద కూడా గంటకు 60 మైళ్లు, అంటే సుమారు 97 కిలోమీటర్లు దాటకూడదన్న చట్టంతో చెప్పిన లెక్క అది. మన దగ్గర ఎదురుగా తప్పు దారిలో మోటారు సైకిలు వస్తుంది, మధ్యలో గేదెలు దాటుతాయి, హఠాత్తుగా బ్రేకు వేయవలసిన అవసరం వాళ్లకన్నా మనకు ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి నా మాట వింటే 85 కూడా వద్దు, 70 దగ్గర ఆగండి. బరువైన కారుకు తేలికైన క్యారవాన్ కట్టినందుకు ఎవరూ ఎప్పుడూ బాధపడరు.

ఇక ఆ సామానంతా నింపిన బరువు ఎంత? ఇక్కడే అందరం మోసపోతాం. మా క్యారవాన్ కాగితాల మీద ఖాళీ బరువు 880 కిలోలు. బావ ఆ అంకెనే పట్టుకున్నారు. యడ్లపాడు భయం తీరాక ఒక ఉదయం కారునూ క్యారవాన్‌నూ ప్రయాణానికి సర్దినట్టే సర్ది, గుంటూరు మిర్చి యార్డు వైపున్న ఒక కాటాకు తీసుకెళ్లాం. టిక్కీల, అంటే మిర్చి బస్తాల, లారీల మధ్య వరుసలో నిలబడ్డాం. మిర్చి ఘాటుకు ముగ్గురం తుమ్ముతూనే ఉన్నాం. కాటా అబ్బాయి మా బండిని వింతగా చూసి "ఇందులో ఏముంది సార్, ఎండుకాయా?" అన్నాడు. రెండూ కలిపి ఎక్కిస్తే 2,870 కిలోలు. క్యారవాన్ విప్పి కారు ఒక్కదాన్నే మనుషులతో సహా ఎక్కిస్తే 1,680. తీసివేస్తే 1,190. ఖాళీ బరువుకు 310 కిలోలు ఎక్కువ! బావ ఆ చీటీని రెండుసార్లు తిప్పి చూశారు.

ఆ 310 ఎక్కడి నుంచి వచ్చాయో ఇంటికొచ్చి లెక్క వేశాం. 60 లీటర్ల నీళ్ల ట్యాంకు నిండితే 60 కిలోలు. అది చాలదని తాగడానికి మూడు వాటర్ టిన్నులు, మరో 60. ఇన్వర్టరు, దాని బ్యాటరీ, రెండు పరుపులు, మడత కుర్చీలు, చిన్న గ్యాసు సిలిండరు, బియ్యం, ఉప్పూపప్పూ, పచ్చడి జాడీలు, అక్క వదలని ఇత్తడి బిందె. ఒక్కొక్కటిగా చూస్తే ఏదీ బరువు కాదు. మా కారు ఒంటి బరువు 1,280 కిలోలు. అందులో 85 శాతం అంటే 1,088. మేము వంద కిలోలు మించి ఉన్నాం, అదీ వేరే దేశంలో మంచి రోడ్ల మీద చెప్పిన హద్దుకు. బ్రోచరు చూసి కొనేవాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే. ఖాళీ బరువుకు కనీసం మూడు వందలు కలుపుకుని కారు వెతకండి, తర్వాత కాటా మీద సరిచూసుకోండి. కాటాకు పోయే డబ్బు రెండు కప్పుల కాఫీ ఖర్చుకు మించదు.

అయితే ఆ రోజు క్యారవాన్ ఊగడానికి బరువు ఒక్కటే కారణం కాదు. అసలు కారణం మా నాన్నగారు ఉంటే చూసిన మరుక్షణం చెప్పేవారు. తెనాలి దగ్గర మా ఊళ్లో మాకు రెండెడ్ల బండి ఉండేది. గడ్డి మోపులు, ధాన్యం బస్తాలు ఎత్తేటప్పుడు నాన్న నొగల మధ్య నిలబడి కాడిని చేత్తో పైకెత్తి చూసేవారు. బరువంతా వెనక పడితే కాడి తనంతట తనే పైకి లేస్తుంది, ఎడ్ల మెడ కింది పట్టెడలు గొంతుకు బిగుసుకుంటాయి. బరువంతా ముందు పడితే ఎడ్ల మెడలు అణిగిపోయి, సాయంత్రానికి కాడి కింద కాయలు కాస్తాయి. ఇరుసు మీద అసలు బరువు, కాడి మీద కాస్త మొగ్గు, అంతే ఉండాలి. చాలకపోతే ఒక బస్తాను ముందుకు జరపమనేవారు, ఎక్కువైతే వెనక్కి. మళ్లీ ఎత్తి చూసేవారు. ఆ తర్వాతే ఎడ్లను కట్టేది.

క్యారవాన్ సంగతీ అచ్చం అంతే. ఇరుసు ఒకటే, కాడి బదులు కారు వెనక ఉండే ఇనుప గుండు. ఆ గుండు మీద పడే మొగ్గు బ్రిటన్‌లో అయితే క్యారవాన్ బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలంటారు. బరువైన ట్రైలర్లు లాగే అమెరికాలో 10 నుంచి 15 శాతం దాకా చెబుతారు. మొగ్గు చాలకపోతే వెనక భాగం లోలకంలా ఊగడానికి సిద్ధంగా ఉంటుంది. బస్సు గాలి ఒక సాకు మాత్రమే. మేము మూడు టిన్నులనూ, అదనపు టైరునూ క్యారవాన్ వెనక గోడకు ఆనించి పెట్టాం, దింపుకోవడానికి తేలికని. బరువు చూసుకునే ఇంటి యంత్రాన్ని ఒక చెక్క దిమ్మె కింద పెట్టి, గుండు తగిలే కొక్కేన్ని దాని మీద ఆనిస్తే ముల్లు పాతిక దగ్గర ఆగింది. 1,190 కిలోల బండికి పాతిక కిలోల మొగ్గు. రెండు శాతం. నాన్న అయితే ఆ బండిని గడప దాటనిచ్చేవారు కాదు.

టిన్నులు ఇరుసు మీదికి, అదనపు టైరు ముందుకు జరిపితే మొగ్గు 80 అయింది. అంతా సర్దుకుందని బావ సంతోషించారు. నేను ఆయన్ను ఆపవలసి వచ్చింది. ఎందుకంటే ఆ మొగ్గును మోయవలసింది కారు. గుండు మీద ఎంత బరువు పడనివ్వవచ్చో కారు తయారీదారులు ఒక హద్దు పెడతారు. ఆ 80 కిలోలూ కారులో ఎక్కిన మరో మనిషితో సమానం, కారు మోయదగిన మొత్తం బరువులో అదీ లెక్కే. పైగా ఆ మనిషి సీట్లో కూర్చోలేదు, వెనక చక్రాలకు అవతల నిలబడ్డాడు. వెనక ఇరుసు నుంచి గుండు దాకా 1.2 మీటర్లు, ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య 2.6 మీటర్లు అనుకోండి. అప్పుడు 80 కిలోల మొగ్గు ముందు చక్రాల మీద నుంచి 37 కిలోలను ఎత్తేస్తుంది, వెనక చక్రాల మీద 117 పడుతుంది. ముందు చక్రాలే లాగే కారుకు, ముందు చక్రాలే తిప్పే కారుకు, ఆ చక్రాలే తేలిక అవుతాయి. తడి ఎర్రమట్టి ఎత్తు మీదో, సూర్యలంక ఇసుకలోనో అవి గిర్రున తిరిగి అక్కడే గుంట చేసుకుంటాయి.

దీన్నిబట్టి కారు ఆకారం గురించి రెండు సంగతులు తేలుతాయి. ఇరుసుల మధ్య దూరం ఎక్కువ ఉండాలి, వెనక ఇరుసు నుంచి గుండుకు దూరం తక్కువ ఉండాలి. పికప్ వాహనాలు మొదటి పరీక్షలో గెలిచి రెండోదానిలో కొంత ఓడిపోతాయి, వాటి వెనక తొట్టి పొడవు అలాంటిది. వెనక చక్రాలతో లాగేవి గానీ నాలుగు చక్రాలతో లాగేవి గానీ అయితే, పడిన మొగ్గు పట్టుకు పనికొస్తుంది. ఛాసిస్ పట్టాల మీద, అంటే అడుగున విడిగా ఉండే ఇనుప చట్రం మీద, కట్టిన బండి అయితే గుండు ఉండే హుక్కును ఆ పట్టాలకే బిగించవచ్చు. బంపరుకు బిగించే హుక్కుల గురించి ఒక్క మాట: వద్దు. ఆటోనగర్‌లో మాకు తెలిసిన ఒక మేస్త్రి, అలా బిగించమని అడిగినవాళ్లను తిప్పి పంపేస్తారు. బేరం పోయినా సరే అంటారు. ఆయన మీద నాకున్న గౌరవం మాటల్లో చెప్పలేను.

ఇంజిను సంగతికి ఇప్పుడు వస్తాను, అందరూ మొదట అడిగేది కనుక. హార్స్ పవర్ అంకె ఈ పనికి పెద్దగా ఏమీ చెప్పదు. ఉదాహరణకు కియా సెల్టోస్ 1.5 టర్బో పెట్రోలు ఇంజినుది 160 పీఎస్ (ఇది హార్స్ పవర్‌కు దాదాపు సమానమైన కొలతే), ఇన్నోవా క్రిస్టా 2.4 డీజిలుది 150 పీఎస్. కాగితం మీద మొదటిదే బలమైనది. కానీ టార్కు, అంటే ఇంజిను తిప్పే బలం, చూడండి: మొదటిదానిది 253 న్యూటన్ మీటర్లు, రెండోదానిది 343, అది కూడా ఇంజిను నిమిషానికి 1,400 చుట్లు తిరిగే దగ్గరే అందుతుంది. ఒంటి బరువు చూస్తే మొదటిది 1,300, 1,400 కిలోల మధ్య, రెండోది 1,800కు అటూ ఇటూ. రెండూ తమ తమ పనులకు మంచి కార్లే. వెనక ఇల్లు కట్టుకుని పోవడం మాత్రం వేరే పని. నిలబడిన చోటు నుంచి కదిలించేది, ఘాటులో మలుపు తిరిగి మళ్లీ ఊపందుకునేది టార్కు. ఇంజినును అరిపించకుండా, నెమ్మదిగా తిరుగుతూనే బరువెత్తగలగాలి. ఈ పనికి డీజిలుకు ఇప్పటికీ సాటి లేదని నా అభిప్రాయం. మే నెలలో రెంటచింతల మీదుగా సాగర్ వెళ్లినవాళ్లకు మన ఎండ ఏమిటో తెలుసు. ఆ ఎండలో, ఏసీ వేసుకుని, రెట్టింపు బరువుతో ఎత్తెక్కే ఇంజినుకు తన శక్తిలో సగంతో పని సాగిపోవాలి. మిగతా సగం వేడిని తట్టుకోవడానికి మిగలాలి.

ఎలక్ట్రిక్ కార్లకు టార్కు కావలసినంత ఉంది, బ్యాటరీ వల్ల బరువూ ఉంది. ఆ రెండూ ఈ పనికి మంచివే. కానీ క్యారవాన్ తగిలిస్తే ఒక్క చార్జింగుతో పోయే దూరం దాదాపు సగానికి పడిపోతుంది. చార్జింగు గుంజల దగ్గర క్యారవాన్ విప్పి పక్కన పెట్టనిదే కారు లోపలికి పట్టదు. గుంటూరు నుంచి నల్లమల దాటే దారులకు ఇప్పుడే వద్దంటాను.

బ్రేకుల దగ్గర మాత్రం నేను మొండిగా ఉంటాను. వేగం 60 నుంచి 80కి పెరిగితే బండిలో నిండే చలనశక్తి మూడో వంతు కాదు పెరిగేది, దాదాపు 1.8 రెట్లవుతుంది. ఆ శక్తినంతా ఎవరో ఒకరు వేడిగా మార్చి గాలిలో కలపాలి. క్యారవాన్‌కు సొంత బ్రేకులు లేకపోతే ఆ పనంతా కారు బ్రేకులదే, అవి తమ బరువుకు తగ్గట్టు చేసినవి. ఐరోపాలో 750 కిలోలు మించిన ట్రైలర్‌కు దాని సొంత బ్రేకులు తప్పనిసరి. ఆస్ట్రేలియాలోనూ హద్దు అదే. కారు వేగం తగ్గించగానే క్యారవాన్ ముందుకు తోసుకొచ్చి, ఆ తోపుతోనే కడ్డీ లాగి తన చక్రాలను తనే పట్టుకునే ఏర్పాటు ఒకటి ఉంది. విద్యుత్తుతో పట్టే రకం ఇంకొకటి. ఏదైనా సరే, ఉండి తీరాలి. దానితోపాటు, హుక్కు ఊడిపోతే క్యారవాన్ తనంతట తనే ఆగేలా చేసే తెంపు తీగ కూడా. ఇవి లేకుండా తక్కువ ధరకు వస్తోందని కొనేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. ఆ ధర తగ్గింపు రోడ్డు మీద ఉన్న మిగతావాళ్ల ప్రాణాల మీద నుంచి తీసింది.

ఘాటు దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనో, ఇంకా కింది గేరులోనో దిగాలి. ఇంజినే బండిని పట్టి ఉంచాలి. బ్రేకు మీద కాలు ఆనించి దిగితే కొంత దూరం పోయాక మాడు వాసన వస్తుంది, ఆ తర్వాత పెడలు మెత్తబడుతుంది. అరకు దారిలో లారీ డ్రైవర్లు ఎలా దిగుతారో చూసి నేర్చుకోండి. వాళ్లకు తొందర ఉండదు.

నన్ను ఎదిరించేవాళ్లు ఎప్పుడూ ట్రాక్టరు ఉదాహరణ తెస్తారు. "మన రైతులు ట్రక్కుకు నాలుగైదు టన్నులు ఎత్తి లాగడం లేదా? వాళ్లకు ఏ శాతాలు తెలుసు?" అని. వాళ్ల నైపుణ్యానికి నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ ట్రాక్టరు గంటకు పాతిక, ముప్పై కిలోమీటర్లతో పోతుంది. మనిషెత్తు వెనక చక్రాలు, బరువు పడే కొద్దీ నేలను కరిచే పట్టు, ఎప్పుడూ తక్కువ గేరే. ఆ వేగంలో ఏ బండీ లోలకంలా ఊగదు. అదే ట్రక్కును కారుకు కట్టి 80లో పోనివ్వమనండి చూద్దాం. "మా మామయ్య జీపుకు కట్టి తిరుపతి వెళ్లొచ్చాడు, ఏమీ కాలేదు" అనేవాళ్లకూ నా జవాబు ఇదే. యడ్లపాడు దాకా మాకూ ఏమీ కాలేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి కారుతో వచ్చే పుస్తకం. చేతి అరలో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా పడి ఉంటుంది. కొనేముందే దాన్ని అడిగి తీసుకుని, ట్రైలర్ లాగడం గురించి రాసిన పేజీ చదవండి. కొన్ని కార్లకు ఎంత బరువు లాగవచ్చో అచ్చు వేసి ఉంటుంది. కొన్నింటికి ట్రైలర్ తగిలించవద్దనే రాసి ఉంటుంది. అలా రాసి ఉంటే అంతటితో ఆ కారును పక్కన పెట్టండి. అదే పేరుతో విదేశంలో అమ్మే కారు రెండు టన్నులు లాగుతుందని వీడియో చూపించి వాదించేవాళ్లు ఉన్నారు. ఇంజినూ, గేర్లూ, చల్లబరిచే ఏర్పాటూ దేశాన్నిబట్టి మారవచ్చు. మన చేతిలో ఉన్న కారుకు మన చేతిలో ఉన్న పుస్తకమే ప్రమాణం. ఇక 1988 నాటి మోటారు వాహనాల చట్టం నిర్వచనంలోనే ట్రైలర్ కూడా మోటారు వాహనం. దానికి ఇంజిను లేదు కదా అని రిజిస్ట్రేషన్, బీమా లేకుండా తిప్పకూడదు. ఊళ్లో షెడ్డులో ఇనుప చట్రం మీద పెట్టె కట్టించుకుంటే సగం ధరకు అవుతుందని ఆశపడేవాళ్లు ముందు రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లి మాట్లాడండి.

ఇంతా చదివి, మా దగ్గర ఉన్నది చిన్న కారే, ఏం చేయాలి అంటారా? చిన్న క్యారవాన్ కొనండి. ఇది నిరాశ పరిచే జవాబు అని తెలుసు. అందరూ ముందు క్యారవాన్‌ను చూసి మనసు పారేసుకుని, తర్వాత కారుతో దాన్ని ఎలాగో లాగించాలని చూస్తారు. బావ చేసిందీ అదే, లోపల మరుగుదొడ్డి చూడగానే ఆయనకు అక్క ముఖం కనిపించింది. ఆయన్ను ఏమనగలం? కానీ కారు మార్చే స్తోమత లేనప్పుడు, 900 కిలోల కారుకు 500 కిలోలు మించని చిన్న గూడు బండి తగిలించుకుని, గుడారం వేసుకుని, గంటకు అరవైలో హాయిగా తిరిగి రావచ్చు. రాత్రి చీకటి పడేలోగా ఆగిపోతే చాలు.

బావ కారు మార్చారు. పాతది అమ్మి, మూడేళ్లు వాడిన డీజిలు బండి ఒకటి తీసుకున్నారు, ఛాసిస్ పట్టాల మీద కట్టినది, వెనక చక్రాలతో లాగేది, పుస్తకంలో ట్రైలర్ బరువు అచ్చు వేసి ఉన్నది. ఒంటి బరువు 1,850 కిలోలు. పేరు రాయడం లేదు, రాస్తే లెక్క వేసుకోకుండా అదే కొనేస్తారు. నీళ్లు వెళ్లిన చోట నింపుకుందామని ట్యాంకు ఖాళీగా, టిన్నులు ఒక్కటికి తగ్గించాం. క్యారవాన్ 1,090కి దిగింది, అంటే కారు బరువులో 59 శాతం. మొగ్గు 75 దగ్గర నిలిపాం. పక్క అద్దాలకు పొడిగింపులు పెట్టించాం, లేకపోతే వెనక వచ్చేవాళ్లు అసలు కనిపించరు.

వెనక్కి నడపడం బావకు నేర్పింది మిర్చి యార్డు దగ్గర పరిచయమైన ఒక ట్రాక్టరు డ్రైవరు. వయసులో బావకన్నా ఇరవై ఏళ్లు చిన్న. "స్టీరింగు పైన కాదండి, కింద పట్టుకోండి. చెయ్యి ఎటు పోతే బండి తోక అటే పోతుంది" అన్నాడు. ఒక్క మాటలో బావ తల తిరుగుడంతా తీరిపోయింది. ఆదివారం ఖాళీ మైదానంలో రెండు గంటలు అతను పక్కన నడుస్తూ, చేత్తో క్యారవాన్ మూల తడుతూ, "ఇప్పుడు కొంచెం, ఇంకొంచెం, చాలు" అంటూ నేర్పాడు. డబ్బు తీసుకోలేదు. అక్క చేసిన సున్నుండలు మాత్రం కండువాలో కట్టుకుని వెళ్లాడు.

తర్వాత మేము మళ్లీ అదే దారిలో కోటప్పకొండ వెళ్లాం, ఈసారి గంటకు 65 దాటకుండా. యడ్లపాడు దగ్గర ఒక కంటెయినర్ లారీ దాటింది. నేను వెనక్కి తిరిగి తెరనే చూస్తున్నాను. పసుపు తెర ఒక్కసారి కదిలి, అలాగే నిలబడింది. ముందు సీట్లో అక్క పిడి మీద చెయ్యి వేయలేదు, వేరుశనక్కాయలు ఒలుస్తోంది. కొండ కింద క్యారవాన్ విప్పి, కారులోనే పైకి వెళ్లి త్రికోటేశ్వరుణ్ణి చూసి వచ్చాం.

వచ్చే నెల శ్రీశైలం. అక్క ఇప్పుడు గ్రైండరు కూడా తీసుకెళ్దామంటోంది, పన్నెండు కిలోలట. శనివారం పొద్దున్నే మళ్లీ కాటాకు వెళ్లాలి. గ్రైండరును ఇరుసుకు ఎంత దగ్గరగా పెట్టవచ్చో బావ అప్పుడే టేపుతో కొలిచి నేల మీద సుద్దముక్కతో గీత గీశారు.